లేబుల్ చూసి ఉంచుకోవాలా, సినిమా చూసి ఉంచుకోవాలా? అరవై డిస్కులు తీసేయాలి

అలమర_నిండింది

నమస్కారమండీ. అలమరలో చోటు 200 డిస్కులకే ఉంది, చేతిలో ఉన్నవి 260. అందులో 90 దాకా పేరున్న లేబుళ్లవి (ఏరిన సినిమాలను ప్రత్యేక ఎడిషన్లుగా తెచ్చే డిస్క్ సంస్థలు), ఎక్కువ భాగం అమెరికాకు చెందిన క్రైటీరియన్. ఆ తొంభైలో ముప్పైకి ఇంకా సీలు కూడా తీయలేదు. మళ్లీ మళ్లీ ప్లేయర్‌లోకి వెళ్లేవి మాత్రం మామూలు స్టూడియో డిస్కులు: ఫైట్ల సినిమాలు, హాస్యం, పాతకాలపు సంగీత చిత్రాలు.

చూడనివి తీసేయడమే న్యాయం అనిపిస్తుంది. కానీ రెండు మాటలు అడ్డం పడుతున్నాయి. "మంచి ప్రింటు ఆ లేబుళ్ల దగ్గరే ఉంటుంది" అన్నది ఒకటి, "తీసేస్తే మళ్లీ దొరకవు" అన్నది రెండోది. ఇవి ఎంతవరకు నిజం? ఒకే సినిమాకి స్టూడియో డిస్క్, లేబుల్ డిస్క్ రెండూ ఉంటే ఏది ఉంచాలో ఇంట్లోనే తేల్చే పద్ధతి ఉందా? అభిప్రాయాలకంటే ఏం చూడాలి, ఎలా చూడాలి అన్నది చెబితే ఎక్కువ ఉపయోగం.

నెగటివ్_నుంచి

మొదటి మాట సగమే నిజమండీ. ఆ సగం ఏదో తెలిస్తే మీ తొంభైలో ఏది ఎందుకు ఉండాలో చాలావరకు తేలిపోతుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. క్రైటీరియన్ 1984లో లేజర్ డిస్కులతో మొదలైంది. అప్పట్లో ఇంట్లో సినిమా అంటే వెడల్పు బొమ్మను రెండు పక్కలా కోసి టీవీలో పట్టించడమే. వాళ్లు పైనా కిందా నల్ల పట్టీలు వదిలి ఫ్రేమ్ మొత్తం చూపించారు. లేజర్ డిస్క్‌లో ఖాళీగా ఉన్న ఇంకో ఆడియో ట్రాక్‌ను వాడుకుని, కింగ్ కాంగ్ డిస్క్‌లో సినిమా నడుస్తుండగానే చరిత్రకారుడు రొనాల్డ్ హేవర్ చేత వ్యాఖ్యానం చెప్పించారు. డీవీడీ కాలం వచ్చేసరికి ఈ రెండూ స్టూడియోలకే అలవాటైపోయాయి. పేరు తెచ్చిపెట్టిన తేడాల్లో చాలావరకు ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నవే.

ఇవాళ డిస్క్‌లో బొమ్మ ఎలా ఉంటుందన్నది మూడు చోట్ల తేలుతుంది. దేన్ని స్కాన్ చేశారన్నది మొదటిది: కెమెరా నెగటివా, దాన్నుంచి తీసిన ఇంటర్‌పాజిటివా, థియేటర్లో ఆడిన ప్రింటా? ఒక్కో తరం దిగేకొద్దీ వివరం తగ్గుతుంది, నీడల్లో ఉన్నది నలుపులో కలిసిపోతుంది. గీతలు తుడిచి, రంగులు దిద్దడం రెండోది. డిస్క్‌లో పట్టేలా కుదించే ఎన్‌కోడ్ మూడోది. చాలా సినిమాలకు మొదటి రెండు పనులూ హక్కులున్న స్టూడియోనో, ఏదో ఆర్కైవో ముందే చేసేసి ఉంటుంది. లేబుల్‌కు అందేది తయారైన మాస్టర్, అంటే స్కాన్ చేసి దిద్దిన మూల కాపీ. అదే మాస్టర్ ఇంకో దేశంలో ఇంకో లేబుల్‌కూ వెళ్తుంది, స్టూడియో సొంత డిస్క్‌లోకీ వెళ్తుంది. అలాంటప్పుడు లేబుల్ చేతిలో మిగిలేది ఎన్‌కోడ్, సబ్‌టైటిల్స్, ఎక్స్‌ట్రాలు, అట్ట. ఎన్‌కోడ్ చిన్న విషయం కాదు గానీ, "ప్రింటే వేరు" అనేంత తేడా అక్కడ రాదు.

ఇది తెలుసుకోవడానికి డిస్క్ పెట్టక్కర్లేదు. బుక్‌లెట్ చివరి పేజీల్లో ట్రాన్స్‌ఫర్ గురించి ఒక చిన్న పేరా ఉంటుంది. దేన్ని స్కాన్ చేశారు, ఎన్ని కె (2కె, 4కె లాంటి బొమ్మ స్పష్టత)లో చేశారు, ఎక్కడ చేశారు, రంగులు ఎవరు చూసి సరే అన్నారు అనేవి అందులో వెతకండి. "35 మిల్లీమీటర్ల కెమెరా నెగటివ్ నుంచి 4కె స్కాన్, ఛాయాగ్రాహకుడు ఆమోదించారు" లాంటి వాక్యం ఉంటే అది గట్టి సాక్ష్యం. "హై డెఫినిషన్ డిజిటల్ ట్రాన్స్‌ఫర్" అని మాత్రమే ఉండి, దేన్నుంచో చెప్పకపోతే పాత మాస్టరే మళ్లీ వాడి ఉండొచ్చు. అలాంటి లేబుల్ డిస్క్ మీద, తర్వాత స్టూడియో కొత్తగా 4కె స్కాన్ చేసి తెచ్చిన మామూలు డిస్క్ సులువుగా గెలుస్తుంది.

లేబుల్ పని నిజంగా తేడా తెచ్చిన చోటు కూడా చెప్పాలి. సత్యజిత్ రే అపు చిత్రత్రయం నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన కాలిన రీళ్లను అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ పారేయకుండా దాచింది. చాలా ఏళ్లకు క్రైటీరియన్ ఆ ఆర్కైవ్‌తో కలిసి పని మొదలుపెట్టింది. బొలోన్యాలోని ల్యాబ్‌లో పెళుసెక్కిన ఫిల్మ్‌కు మళ్లీ తేమ పట్టించి, అంచుల రంధ్రాలు చేత్తో బాగుచేసి, స్కాన్‌కు పనికొచ్చిన ప్రతి ముక్కనూ వాడారు. పనికిరాని చోట్ల వేరే చోట్ల భద్రంగా ఉన్న డూప్లికేట్లతో పూరించారు. ఆ 4కె పునరుద్ధరణ 2015లో బయటికి వచ్చింది. అక్కడ లేబుల్ లేకపోతే ఆ బొమ్మే లేదు. మీ తొంభైలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో బుక్‌లెట్లే చెబుతాయి.

ఇంకొకటి. క్రైటీరియన్ కేస్ వెన్ను మీద వేసే వరస నంబరును సినిమా స్థాయికి కొలతగా తీసుకోకండి. క్రైటీరియన్ డీవీడీల్లో 40వ నంబరు మైకేల్ బే తీసిన ఆర్మగెడ్డాన్. అదే దర్శకుడి ది రాక్ 108. ఫైట్ల సినిమాలు తక్కువవని ఆ లేబులే అనుకోలేదు, మీరెందుకు అనుకోవాలి?

గ్రెయిన్_గీత

పైన చెప్పిన కాగితం పరీక్ష అయ్యాక కంటి పరీక్ష. ఒకే సినిమా రెండు డిస్కులు ఉన్నప్పుడు మొత్తం సినిమా రెండుసార్లు చూడనక్కర్లేదు, జంటకు అరగంట చాలు.

ముందు టీవీని సరిచేయండి. మోషన్ స్మూతింగ్ ఆఫ్, నాయిస్ రిడక్షన్ ఆఫ్. షార్ప్‌నెస్ అంచులకు తెల్ల గీత రాని స్థాయికి దించండి, చాలా టీవీల్లో అది సున్నా. పిక్చర్ మోడ్ సినిమా లేదా ఫిల్మ్‌మేకర్. ఇవి ఆన్‌లో ఉండగా పోల్చితే మీరు చూసేది టీవీ చేసిన పని, డిస్క్ చేసింది కాదు. ఈ ఒక్క మెట్టు దాటేయడం వల్లే మంచి డిస్కులకు చెడ్డపేరు వస్తుంటుంది.

తర్వాత రెండు డిస్కుల్లోనూ అవే మూడు షాట్లు ఎంచుకోండి.

ఒకటి, పగటి వెలుగులో నడుము దాకా కనిపించే మనిషి. పాజ్ చేసి చెంప, కనుబొమలు, చొక్కా నేత చూడండి. జుట్టు విడివిడిగా కనిపించి, చర్మం మీద సన్నటి ఇసుకలా గ్రెయిన్ (ఫిల్మ్‌కు సహజంగా ఉండే చుక్కలు) ఉంటే బాగున్నట్టు. చర్మం మైనంలా నున్నగా ఉండి చొక్కా నేత కూడా మాయమైతే గ్రెయిన్‌ను డీఎన్ఆర్ (డిజిటల్ నాయిస్ రిడక్షన్) పెట్టి తుడిచేశారు. ఆ తుడుపులో పోయిన వివరం ఏ ప్లేయర్‌లోనూ తిరిగి రాదు. పాజ్ తీసి మళ్లీ చూడండి: గ్రెయిన్ ప్రతి ఫ్రేమ్‌కూ మారుతూ కదలాలి. మనిషి కదులుతుంటే గ్రెయిన్ తెరకు అతుక్కుని నిలబడిపోతే అదీ డీఎన్ఆర్ గుర్తే.

రెండు, పొగమంచు, పొగ, లేదా సాయంత్రపు ఆకాశం. ఎన్‌కోడ్ బలహీనమైతే ఇక్కడే పట్టుబడుతుంది. మెత్తగా మారాల్సిన వెలుగు మెట్లు మెట్లుగా, చిన్న గళ్లుగా విరుగుతుంది.

మూడు, ఆకాశం ముందు నల్లటి అంచు: స్తంభం, చెట్టు కొమ్మ, ఇంటి కప్పు. అంచు వెంట తెల్లటి రేఖ ఉంటే కృత్రిమంగా పదును పెట్టారు. డీవీడీ కాలం మాస్టర్లలో ఇది మామూలు. అదే మాస్టర్‌ను బ్లూరేకి వాడితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

బిట్‌రేట్ చూడాలంటే చాలా ప్లేయర్లలో ఇన్ఫో లేదా డిస్‌ప్లే బటన్ ఉంటుంది. బ్లూరేలో వీడియోకు గరిష్ఠం సెకనుకు 40 మెగాబిట్లు. కొనేముందు అంచనా వేయడానికి ఒక లెక్క ఉంది. డిస్క్ 50 గిగాబైట్లది, ఎక్స్‌ట్రాలు 12 తిన్నాయి, మూడు గంటల సినిమాకి 38 మిగిలాయి అనుకుందాం. అంటే ఆడియోతో కలిపి సెకనుకు సగటున 28 మెగాబిట్లు. అదే మూడు గంటల సినిమా 25 గిగాబైట్ల డిస్క్‌లో, అవే ఎక్స్‌ట్రాలతో ఉంటే సగటు 10కి దిగిపోతుంది. గ్రెయిన్ ఎక్కువున్న సినిమాకి అది చాలదు. అందుకే నిడివి ఎక్కువైనప్పుడు ఎక్స్‌ట్రాలు వేరే డిస్క్‌లో పెట్టిన ఎడిషన్ మేలు. నలుపు తెలుపులో నిశ్శబ్దంగా సాగే చిన్న సినిమాకి మాత్రం ఇంత పట్టింపు అక్కర్లేదు.

నిడివి కూడా పోల్చండి. సెకనుకు 25 ఫ్రేముల పాల్ (PAL, యూరప్ వైపు టీవీ పద్ధతి) డీవీడీలో సెకనుకు 24 ఫ్రేముల సినిమా నాలుగు శాతం వేగంగా నడుస్తుంది. 120 నిమిషాలది 115లో అయిపోతుంది, సరిదిద్దకపోతే గొంతులు, పాటలు అర్ధస్వరంలో దాదాపు ముప్పావు వంతు పైకి వెళ్తాయి. సంగీత చిత్రాలు ఇష్టమన్నారు కాబట్టి మీకు ఇది ముఖ్యం. అయిదు నిమిషాలు తక్కువ కనిపించగానే కోత పడిందని అనుకోకండి, ముందు ఈ లెక్క వేయండి. లెక్కకు సరిపోకపోతే అప్పుడు కోత.

ఆడియోలో ఒక్కటే చూడండి: సినిమా మోనోలో (ఒకే శబ్ద ఛానల్‌తో) వచ్చి ఉంటే ఆ మోనో ట్రాక్ డిస్క్‌లో ఉందా? కొన్ని స్టూడియో డిస్కుల్లో చుట్టూ స్పీకర్లకు పంచిన 5.1 రీమిక్స్ ఒక్కటే ఉంటుంది. తుపాకీ దెబ్బలు, తలుపుల చప్పుళ్లు కొత్తవి అతికించి ఉంటారు. ఇక్కడ పేరున్న లేబుళ్లు సాధారణంగా జాగ్రత్తగా ఉంటాయి. అసలు ట్రాక్ మీద ప్రేమ ఉంటే లేబుల్ డిస్క్ ఉంచుకోవడానికి ఇది మంచి కారణం.

ఇక 4కె సంగతి. 55 అంగుళాల టీవీలో మామూలు చూపుకు 1080పి (బ్లూరే స్పష్టత) చుక్కలు విడిగా కనిపించడం దాదాపు 2.2 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. 4కెలోని వివరం మొత్తం కళ్లకు అందాలంటే 1.1 మీటర్ల దాకా దగ్గరికి రావాలి. మూడు మీటర్ల దూరంలో కూర్చునేవారికి 4కె డిస్క్ ఇచ్చేది ఎక్కువగా హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే పద్ధతి) వెలుగు, రంగు, మెరుగైన ఎన్‌కోడ్. టీవీలో హెచ్‌డీఆర్ కాంతి తక్కువైతే అదీ సగమే. కాబట్టి ఉన్న మంచి బ్లూరేని 4కె అట్ట కోసం మార్చేముందు టేపు తీసి కుర్చీకీ తెరకీ దూరం కొలవండి.

అలమర_నిండింది

చాలా ఉపయోగపడిందండీ. ఒక జంట మీద ప్రయత్నించాను, చెంప, చొక్కా పరీక్షలో తేడా వెంటనే తెలిసింది. స్టూడియో డిస్కే నెగ్గింది.

ఇంకో రెండు సందేహాలు. సీలు తీయని ముప్పైని అలాగే ఉంచితే విలువ నిలుస్తుంది కదా, విప్పడం తప్పా? ఇక నంబర్ల వరసలో మధ్యలో తీసేస్తే ఖాళీలు వస్తాయి, ఆ వరస కోసం ఉంచుకోవడంలో అర్థం ఉందా?

పక్కదారి_సినిమా

పై ఇద్దరూ చెప్పినవి ఒప్పుకుంటూనే లేబుళ్ల తరఫున కొంచెం మాట్లాడాలి. లేకపోతే మీరు మరీ అటువైపు వెళ్లిపోతారేమో.

లేబుల్ ఇచ్చేది బొమ్మ నాణ్యత ఒక్కటే కాదు, ఎంపిక. మనం పేరు వినని సినిమాని ఎవరో నమ్మి, హక్కులు కొని, సబ్‌టైటిల్స్ రాయించి, ఒక మంచి వ్యాసం వేసి మన ముందు పెడుతున్నారు. అందుకే "ప్రతిష్ఠ లేబుళ్లు" అని ఒకే గుంపుగా కట్టొద్దు. బ్రిటన్‌లో యారో (Arrow) వీడియో అనే లేబుల్ భయానక చిత్రాలకూ జపనీస్ యాక్షన్‌కూ పేరు. యురేకా వారి మాస్టర్స్ ఆఫ్ సినిమా వరసలో మూకీలకు మంచి చోటుంది. వినెగర్ సిండ్రోమ్ అనే లేబుల్ అయితే విమర్శకులు కన్నెత్తి చూడని చవక సినిమాల నెగటివ్‌లు వెతికి 4కె స్కాన్ చేస్తుంది. మీకు ఇష్టమైన ఫైట్ల సినిమాలకు కూడా ఎక్కడో ఒక లేబుల్ ఇంతే శ్రద్ధగా పనిచేస్తూ ఉంటుంది. మీ రుచికి దగ్గరగా ఉన్న లేబుల్‌ను వెతుక్కోండి, ఎక్కువమంది పొగిడేదాన్ని కాదు.

ఎంత దగ్గరో కొలవడం సులువు. ఆ లేబుల్‌లో మీరు ఇప్పటికే చూసిన ఇరవై తీసుకోండి. వాటిలో రెండోసారి చూసినవి, లేదా చూడాలని ఉన్నవి ఎన్ని? పన్నెండు దాటితే ఆ లేబుల్ నుంచి తెలియని సినిమా కొన్నా సాధారణంగా నష్టపోరు. అయిదు లోపుంటే సినిమా ముందు ఎక్కడైనా ఒకసారి చూసి, నచ్చితేనే డిస్క్ కొనండి. ఈ అంకెలు నేను పెట్టుకున్న గీతలే, మీ ఓపికను బట్టి మార్చుకోండి.

సీలు తీయని వాటి గురించి గట్టిగానే చెబుతాను: విప్పండి. సీలు లోపల ఉన్నది బాగుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. తప్పు డిస్క్ పెట్టి ఉండొచ్చు, హబ్ (డిస్క్‌ను మధ్యలో పట్టి ఉంచే బొడిపె) నుంచి ఊడి డిస్క్ అట్టలో దొర్లుతూ గీతలు పడి ఉండొచ్చు, ఒకే డిస్క్ రెండుసార్లు పెట్టి ఉండొచ్చు. ఎన్‌కోడ్‌లోనో సబ్‌టైటిల్స్‌లోనో తప్పు దొర్లితే లేబుళ్లు సరిచేసిన డిస్క్ పంపుతాయి, కానీ ఆ అవకాశం ఎల్లకాలం తెరిచి ఉండదు. నాలుగేళ్ల తర్వాత విప్పితే అడగడానికి కిటికీ మూసుకుపోయి ఉంటుంది. కొన్న వారంలోనే విప్పి, మొదటి నిమిషం, సరిగ్గా మధ్య, చివరి అధ్యాయం, ఒక ఎక్స్‌ట్రా నడిపి చూడాలి.

"మళ్లీ దొరకవు" అన్న మీ రెండో మాటలో నిజం ఉంది. లేబుల్‌కు ఉండేది కాలపరిమితి ఉన్న లైసెన్స్. 2010లో ఫ్రెంచ్ సంస్థ స్టూడియోకెనాల్ దగ్గరున్న హక్కులు ఇరవైకి పైగా సినిమాలకు ఒక్కసారే క్రైటీరియన్ చేయి దాటిపోయాయి, ఆ డిస్కులు ముద్రణలోంచి వెళ్లిపోయాయి. కానీ డిస్క్ ఆగిపోవడం వేరు, సినిమా దొరక్కపోవడం వేరు. హక్కులు ఇంకొకరి దగ్గరికి వెళ్తే సినిమా కొత్త డిస్క్‌గా వస్తుంది, ఒక్కోసారి మెరుగైన మాస్టర్‌తో. నిజంగా పోయేది ఆ ఎడిషన్ కోసమే చేయించిన వ్యాఖ్యానం, ఇంటర్వ్యూలు, వ్యాసం. కాబట్టి తీసేసే ముందు ఎక్స్‌ట్రాల పేజీ చదవండి. మీరు రెండోసారి వినాలనుకునే వ్యాఖ్యానం అందులో ఉంటే ఉంచండి. ట్రైలర్, ఫొటోల గ్యాలరీ మాత్రమే ఉంటే ఎడిషన్ అరుదైనదైనా పోయేది పెద్దగా లేదు.

నంబర్ల వరసకు అర్థం లేదండీ. అది సినిమా సంవత్సరం ప్రకారం నడవదు, ఎంచుకున్న మెరిట్ ప్రకారమూ నడవదు. లేబుల్ పని క్రమాన్ని బట్టి పడిన అంకె. 1,200 దాటిన వరసలో, అదీ మధ్యలో హక్కులు పోయిన డజన్ల నంబర్లతో, ఏ అలమరైనా ఖాళీలతోనే ఉంటుంది.

అట్ట_హబ్

చోటు, భద్రత, ఏరివేత గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ భాగం నేను రాస్తాను.

డీవీడీ కేస్ వెన్ను 14 మిల్లీమీటర్లు. మీటరు అలమరలో 71 పడతాయి. తీయడానికి వేలు పట్టాలంటే 68 దగ్గర ఆపండి, బిగించి పెడితే తీసేటప్పుడు స్లిప్‌కవర్ (కేస్ మీది అట్ట తొడుగు) అంచులు చిరుగుతాయి. బ్లూరే కేస్ కొంచెం సన్నం, ఎత్తు కూడా తక్కువ: దాదాపు 17 సెంటీమీటర్లు, డీవీడీది 19. అరల మధ్య 20 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే రెండూ పడతాయి. పెద్ద పెట్టె సెట్లు మాత్రం పడవు. లేబుళ్ల లగ్జరీ పెట్టెల్లో రెండు డిస్కుల కోసం నాలుగు సెంటీమీటర్లు తినేవి ఉంటాయి, మూడు సినిమాల చోటు ఒక్కదానికే పోతుంది. అరవై తీసే ముందు ఇలాంటివి పక్కన పెట్టి చూడండి. లోపలి కేస్‌ను అలమరలో ఉంచి, బయటి పెట్టెను, పుస్తకాన్ని వేరే చోట పెడితేనే ఇరవై దాకా చోటు తిరిగి రావచ్చు.

ఏరివేత ఇలా చేయండి. ఒక పట్టిక రాయండి: సినిమా, ఎడిషన్, చివరిగా చూసిన ఏడాది, ఉంచడానికి కారణం. నాలుగో గడిలో లేబుల్ పేరు, నంబరు, "అందరూ ఉండాలంటారు" అనేవి రాయకూడదు. రాయదగినవి "మళ్లీ చూస్తాను", "ఈ మోనో ట్రాక్ ఇంకెక్కడా లేదు", "వ్యాఖ్యానం", "ఇంట్లోవాళ్లకు ఇష్టం" లాంటివి. గడి ఖాళీగా మిగిలినవన్నీ ఒక పెట్టెలో వేసి ఆరు నెలలు కంటికి కనిపించకుండా ఉంచండి. ఆ ఆరు నెలల్లో దేనికోసమైనా పెట్టె తెరిస్తే అది వెనక్కి వస్తుంది, మిగతావి వెళ్లిపోతాయి. ఒక్కరోజులో తేల్చాలని కూర్చుంటే ప్రతి డిస్క్‌కూ ఏదో కారణం దొరుకుతుంది.

ఉంచినవాటిని, ఇచ్చేసేవాటిని కూడా ఒకసారి పరీక్షించాలి. డీవీడీని బలమైన దీపానికి ఎదురుగా పట్టుకుని చూడండి. సూదిమొన చుక్కల్లా వెలుగు కారుతుంటే అల్యూమినియం పొరలో లోపం. ఒకటి రెండు చుక్కలు ఫ్యాక్టరీ నుంచే ఉండొచ్చు, పెరుగుతుంటేనే భయం. అంచు దగ్గర మేఘంలా మచ్చలు, గోధుమరంగు కనిపిస్తే తేమ లోపలికి పోయింది. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల రెండు పలకలు జిగురుతో అతికినది. ఆ జిగురు విడిచిన చోటే కుళ్లు మొదలవుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి. డిస్క్ లోపలి నుంచి బయటికి చదవబడుతుంది. రెండు పొరల సినిమా డీవీడీలో మొదటి పొర లోపలి నుంచి అంచు దాకా వెళ్తుంది, రెండో పొర అంచు నుంచి లోపలికి తిరిగి వస్తుంది. అంటే అంచు చెడితే ఆగేది సినిమా చివర్లో కాదు, నడిమధ్యలో, పొర మారే చోటికి అటూఇటూ. ఒక పొర డీవీడీ అయితే చివరి రీలు దగ్గర ఆగుతుంది. అందుకే మొదటి పది నిమిషాలు ఆడిందని బాగున్నట్టు కాదు. ఖచ్చితంగా తెలియాలంటే కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి డిస్క్ మొత్తాన్ని ఒకసారి చదివించాలి. చదివే తప్పు ఒక్కటి వచ్చినా, వేగం ఒకే చోట పదేపదే పడిపోయినా ఆ డిస్క్‌ను అనుమానించండి.

బ్లూరేలో సమాచారం పైతలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, అందుకే గట్టి పూత ఇస్తారు. చిన్న గీతలు పడవు గానీ, పడ్డ లోతైన గీతను డీవీడీలా అరగదీసి బాగుచేయడం కుదరదు. పాతవి కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. తుడవాలంటే మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు సూటిగా తుడవండి, గుండ్రంగా వద్దు. గుండ్రంగా పడ్డ గీత ఒకే ట్రాక్ వెంట చాలా దూరం పోతుంది, ట్రాక్‌లకు అడ్డంగా పడ్డదాన్ని ప్లేయర్ చేసే లోప సవరణ దాటేస్తుంది.

లేబుళ్ల అందమైన అట్ట ప్యాకింగే ఒక్కోసారి డిస్క్‌కు శత్రువు. అట్ట గుంటలోకి జారవిడిచే రకంలో ప్రతిసారీ తీసేటప్పుడు సన్నటి వెంట్రుక గీతలు పడతాయి, కొన్నిట్లో జిగురు ఆవిరి తెల్లటి పొరలా అంటుతుంది. అలాంటివాటి డిస్కులను మామూలు ప్లాస్టిక్ కేస్‌లోకి మార్చి, అట్టను చూపుకు ఉంచుకోండి. మరీ బిగువైన హబ్ ఉంటే డిస్క్‌ను వంచి లాగొద్దు. మధ్య బొడిపెను ఒక వేలితో నొక్కి, అంచులు రెండో చేత్తో ఎత్తాలి. లోపలి వలయంలో చీలిక మొదలైతే తిరిగే వేగానికి అది పెరుగుతుంది.

నిల్వకు 20 డిగ్రీలు దాటని గది, 50 శాతం లోపు తేమ మంచివి. అంత కుదరకపోయినా రోజంతా ఎండ పడే గోడ, తడి పట్టే గోడ వదిలేయండి. డిస్కులు నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టి దొంతర పెడితే అడుగువాటి కేసులు వంగి హబ్ మీద ఒత్తిడి పడుతుంది.

అలమర_నిండింది

పట్టిక ఈ రాత్రే మొదలుపెడుతున్నాను. ఒక చిన్న అనుమానం. ఇచ్చేసేవాటిలో కొన్ని రీజియన్ ఎ బ్లూరేలు, కొన్ని 4కె సెట్లు ఉన్నాయి. తీసుకునేవాళ్లకు ఏం చెప్పాలి?

గ్రెయిన్_గీత

4కె యూహెచ్‌డీ డిస్కులకు రీజియన్ తాళం (ఒక ప్రాంతపు ప్లేయర్లలోనే ఆడేలా పెట్టే కట్టడి) లేదు, ఎక్కడైనా ఆడతాయి. కానీ అదే పెట్టెలో ఉండే బ్లూరేకి తాళం ఉండొచ్చు, ఎక్స్‌ట్రాలు చాలాసార్లు దాంట్లోనే ఉంటాయి. ఈ రెండూ విడివిడిగా రాసి చెప్పండి. బ్లూరేలో ఎ అంటే అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా. బి అంటే యూరప్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా. సి అంటే భారత్, చైనా, రష్యా వైపు. అట్ట వెనక గుర్తు లేకపోయినా, గుర్తు తప్పుగా ఉన్నా, తీసుకునేవారి ప్లేయర్‌లో పెట్టి మెనూ వచ్చేదాకా చూడటమే నమ్మదగిన పరీక్ష.

ఇంకొకటి: టీవీ కోసం తీసిన బ్రిటిష్ కార్యక్రమాలు, కొన్ని ఎక్స్‌ట్రాలు సెకనుకు 50 ఫీల్డుల (సగం సగం ఫ్రేముల) 1080ఐలో ఉంటాయి. రీజియన్ కుదిరినా 50 హెర్ట్జ్ తీసుకోని టీవీలో బొమ్మ రాదు. సినిమా ఆడి ఎక్స్‌ట్రా మాత్రం నల్లగా ఉందంటే డిస్క్ చెడిందని పారేయకముందు ఇది చూసుకోమనండి.